కిందనుంచి చెప్పే మనిషి

మా తమ్ముడు ప్లంబరు. పంపుల సంగతిలో వాడికి తిరుగులేదు గానీ, గొట్టంలో గాలి పట్టిందంటే మాత్రం ఒక్కడే ఏమీ చెయ్యలేడు. ఒకరు మేడ మీద ట్యాంకు దగ్గర వాల్వు తిప్పుతుండాలి, ఇంకొకరు కింద స్నానాలగదిలో షవరు దగ్గర నిలబడి, నీళ్ళు వచ్చాయో లేదో అరిచి చెప్పాలి. రెండు చేతులు కలిస్తేనే చప్పట్లు.

ఆ రెండో చెయ్యి మా మరదలు. పెళ్ళైన కొత్తలో కూలికి మనిషిని పెట్టుకునే తాహతు లేక వెంట తీసుకెళ్ళాడు. తాహతు వచ్చాక కూడా ఇంకొకరిని పెట్టుకోలేదు. ఆ పిల్ల కుచ్చిళ్ళు ఎగదోపుకుని కిటికీలోంచి పైకి కేకలు, వీడు పైనుంచి కిందికి కేకలు. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటున్నారని వీధంతా చెవులు రిక్కించేది. సాయంత్రం చూస్తే ఇద్దరూ ఒకే సైకిలు మీద నవ్వుకుంటూ వచ్చేవాళ్ళు. నాకు కుళ్ళుగా ఉండేది, దాచుకోవడమెందుకు! మా ఆయన నాతో అన్ని మాటలు ఏడాది మొత్తానికీ ఆడడు.

జ్వరమని పడుకున్న మరదలు మళ్ళీ లేవలేదు. అప్పట్నుంచి వాడు మేడ ఎక్కడం మానేశాడు. కారే పంపుకు వాషరు వెయ్యడం, సింకు కింద మడ్డి తియ్యడం, అంతే. "ఫోనులో మాట్లాడుకుంటూ చేసుకోరా" అంటే, "రెండు చేతులా పానా పట్టుకుని ఫోను నెత్తిన పెట్టుకోనా?" అని కసిరాడు. వాడికి చెప్పేకంటే గోడకు చెప్పడం నయం. కానీ వాడు మళ్ళీ మేడెక్కాలి. ఎక్కకపోతే వీడు కూడా నాకు దక్కడేమోనని భయం.

మొన్న పక్కవీధి టీచరమ్మ నా దగ్గర మొత్తుకుంది. "షవరు తిప్పితే బుస్సుమంటుంది, రెండు చుక్కలు ఉమ్ముతుంది, ఆగిపోతుంది. కళ్ళనిండా సబ్బుతో ఎన్నాళ్ళండీ ఈ ఖర్మ?" వాడిని అడక్కుండానే వస్తాడని మాటిచ్చేశాను.

"నీకెందుకక్కా ఈ పెత్తనం? కింద ఎవరుంటారు?"

"నేనుంటా. నా గొంతేమైనా తక్కువా?"

"నీ గొంతుకేం, ట్యాంకులో నీళ్ళు భయపడి వాటంతటవే దిగుతాయి."

చాన్నాళ్ళకు వాడి నోట వేళాకోళం విన్నాను. మనసు మార్చుకునేలోపు పానాల సంచి తీసి నా భుజానే వేసుకున్నాను.

టీచరమ్మ ఇంట్లో షవరు మూతి విప్పి నా చేతిలో పెట్టాడు. చిల్లులన్నీ ఉప్పు పేరుకుపోయి ఉంటే పిన్నీసుతో పొడిచి శుభ్రం చెయ్యమన్నాడు. గొట్టం పిట్టగోడ మీదికి ఎక్కి దిగుతోందట, ఆ వంపులోనే గాలి చేరిందట. అక్కడ గాలి బయటికి పోయేలా నిటారుగా చిన్న గొట్టం పెడతానన్నాడు.

"నీళ్ళు తుమ్మకుండా, తెగకుండా ధార కడితేనే చెప్పక్కా. తొందరపడకు" అని మేడ ఎక్కాడు. ఎక్కాడు! నాకు అదే చాలనిపించింది.

పైన ఠంగు ఠంగుమని చప్పుడు. కింద గొట్టం గొణిగింది, దగ్గింది, తుప్పునీళ్ళు కక్కింది.

"అక్కా, ఇప్పుడు?"

"ఉత్త గాలేరా!"

మళ్ళీ చప్పుడు. నేను కళ్ళు పైకెత్తి గొట్టం కేసే చూస్తున్నాను. ఉన్నట్టుండి ధార విరుచుకుపడింది. చీర తడిసి ముద్దయింది. తుమ్మడం లేదు, తెగడం లేదు. ఇక అరవబోయాను. అంతలో పైనుంచి కేక.

"ఏమే, వచ్చాయా?"

పుట్టి బుద్ధెరిగి వాడు నన్ను ఏమే అన్నది లేదు. పనిలో పడి మరిచిపోయాడు, పిచ్చినాయన. కింద అదే ఉందనుకుంటున్నాడు.

"ఏమేవ్, నిన్నే! వచ్చాయా?"

ఎంత చిరాగ్గా, ఎంత హాయిగా పిలిచాడో! నోరు తెరిస్తే పైకి వెళ్ళేది నా గొంతే. తడికొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆ కాసేపైనా వాడికి ఉండనీ అనుకున్నాను. నీళ్ళు గదంతా పారుతున్నాయి. తలుపు దగ్గర టీచరమ్మ, "వచ్చేశాయిగా, చెప్పరేంటండీ?" అని కంగారుపడుతోంది.

"వచ్చాయిరా తమ్ముడూ" అన్నాను.

పైన పానా చప్పుడు ఆగిపోయింది.