బండికి పూసిన జలుబు మందు

కెనడాలో, మా ఎడ్మంటన్‌లో చలి మొదలైందంటే మా రూమంతా జలుబు మందు వాసనే. నిన్న రూమ్మేట్ డబ్బా మూత తీయగానే నాకు మా బాబాయి మోటార్ సైకిల్ గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఆరేళ్లు. ఖమ్మంలో మా వీధి నుంచి బండి మీద లడఖ్ దాకా వెళ్లొచ్చిన మొదటి మనిషి బాబాయి. అక్కడ గాలి తక్కువనీ, కొండ ఎక్కుతుంటే బండికి ఊపిరాడక ఆగి ఆగి నడిచిందనీ ఆయన నాన్నకు చెప్తుంటే విన్నా. నాకు ఊపిరాడకపోతే అమ్మ ఛాతీకి ఏం రాస్తుందో నాకు బాగా తెలుసు. మరుసటి ఏడు ఆయన మళ్లీ బయల్దేరే పొద్దున, కొత్త డబ్బా మొత్తం ఇంజన్‌కి పూసేశా. స్టార్ట్ చేసిన కాసేపటికే వీధంతా ఘాటు. అమ్మ నా మీద చెయ్యెత్తింది. బాబాయి అడ్డమొచ్చి, "ఉండనీ వదినా, దారిల పనికొస్తది," అన్నాడు.

పదిరోజులకి ఫోన్ చేశాడు. "ఎక్కేసింది తల్లీ, ఒక్కసారి కూడా ఆగలే!"

ఆసారి కార్బురేటర్‌ని కొండగాలికి తగ్గట్టు సరిచేయించుకుని వెళ్లాడని నాకు ఇంజనీరింగ్‌లో గానీ తెలీలేదు. తెలిసినా ఏం లాభం? ఎంత కొండైనా ఎక్కించగలనని నేను ఆ ఫోన్‌తోనే నమ్మేశా.

ఇప్పుడు నాకూ మోటార్ సైకిల్ లైసెన్స్ వచ్చేసింది. సెమిస్టర్ అయ్యాక బండి మీద రాకీస్ కొండలకి వెళ్తున్నా.

"ఆ డబ్బా అవగొట్టకు, జూన్‌లో కావాలి," అన్నా రూమ్మేట్‌తో.

"జూన్‌లో నీకు జలుబేంటే?"

"నాక్కాదు, బండికి."