ఎనిమిదో చక్రం

బాగేపల్లి చేరేసరికి మధ్యాహ్నం రెండుంబావు. వాన. రెండు లారీలు, ఒక జీపు, ఒక రబ్బరు పడవ, పద్దెనిమిది మందిమి. మాకిచ్చిన బస ఊరి చివర ఒక ప్రభుత్వ హైస్కూలు. బెంచీలు గోడవారగా పేర్చి నేల మీద టార్పాలిన్లు పరుచుకున్నాం. మైదానమంతా చీలమండ లోతు బురద. లారీలు నిలపడానికి గట్టి నేల ఒక్కచోటే ఉంది, వంటగది వెనక రాళ్ళు పరిచిన జాగా. మిగతావాళ్ళు పడుకునే చోటు చూసుకుంటుంటే నేను ఆ రాళ్ళ మీద అటూ ఇటూ నడిచి చూశాను. జాకీ పెడితే దిగబడదు. అది చాలు.

నేను సైన్యంలో బండ్ల మెకానిక్‌ని. నాయక్ హోదా. తుపాకీ కంటే స్పానరు పట్టిందే ఎక్కువ. పదకొండేళ్ళ సర్వీసులో మంచులో పనిచేశాను, ఇసుకలో పనిచేశాను. ఈ డ్యూటీ మాత్రం మా జిల్లాలోనే పడింది. మా ఇల్లు చింతామణి పక్కన. మామూలు రోజుల్లో బాగేపల్లి నుంచి రెండు గంటల్లో చేరిపోవచ్చు. వెయ్యి అడుగులు బోరు వేసినా తడి తగలని నేల మాది. ఆ ఏడాది వాన ఆగలేదు. చెరువు కట్టలు తెగాయి. వాగులు రోడ్లెక్కాయి. మా సుబేదార్ సాబ్ ఈ పనికి నన్ను ఎంచుకోవడానికి కారణాలు రెండు: బండ్లు, భాష. తెలుగూ కన్నడా వచ్చినవాణ్ణి ఆ పద్దెనిమిది మందిలో నేనొక్కణ్ణే.

"ఇంటికి పోయి రావాలని ఉందా?" అని మొదటిరోజే అడిగాడు సాబ్. మా మాటలన్నీ హిందీలోనే నడిచేవి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"పనయ్యాక సాబ్" అన్నాను.

పని ఇలా ఉండేది. పొద్దున ఆరుకు బయలుదేరతాం. పాతపాళ్య వైపు పద్నాలుగు కిలోమీటర్లు పోతే ఒక వాగు. దాని మీద రోడ్డు ఎత్తులోనే కట్టిన పాత వంతెన. నీళ్ళు దాని మీది నుంచే పారుతున్నాయి. అవతలి పల్లెలకు బియ్యం, మందులు తీసుకుపోతాం. వచ్చేటప్పుడు జబ్బుమనుషుల్ని, బాలింతల్ని తీసుకొస్తాం. రోజుకు మూడు ట్రిప్పులు. వంతెన మీద నీళ్ళు ఎప్పుడూ చక్రం సగానికి పైనే. అంటే చక్రం నడిమధ్యన ఉండే హబ్బు రోజుకు ఆరుసార్లు మునుగుతుంది.

హబ్బు లోపల బేరింగులుంటాయి. వాటిలో గ్రీజు ఉంటుంది. ఇనుముకూ ఇనుముకూ మధ్య తల వెంట్రుకంత మందం కూడా ఉండదు ఆ గ్రీజు పొర. ఆరు టన్నుల బండి బరువంతా దాని మీదే జారుతుంది. ఆ పొర ఉంటే ఇనుము చల్లగా తిరుగుతుంది, ఇంజనుకు శ్రమ తగ్గుతుంది, డీజిలు మిగులుతుంది. పొర పోయిందంటే ఇనుము ఇనుమును తినడం మొదలుపెడుతుంది. అది బయటికి కనిపించదు. ముందు వేడెక్కుతుంది. తర్వాత వాసనొస్తుంది. తర్వాత బిగుసుకుపోతుంది.

మూడోరోజు సాయంత్రం ఒక హబ్బు మూత విప్పి వేలు పెట్టి చూశాను. మా గ్రీజు తేనె రంగులో ఉంటుంది. వేలికి అంటినది మాత్రం పాలు ఎక్కువైన కాఫీ రంగులో ఉంది. నీళ్ళు చొరబడ్డాయి. ఇంకో మూత తీశాను. అదీ అంతే. మిగతా ఆరు తీసి చూడాలంటే నాకు భయమేసింది. అయినా తీశాను. రెండు బండ్లకు కలిపి ఎనిమిది చక్రాలు. ఎనిమిదింటిలోనూ నీళ్ళే.

మా దగ్గర మిగిలిన గ్రీజు ఒక్క హబ్బుకు కూడా చాలదు. సరఫరా బండి చిక్కబళ్ళాపురం ఇవతల రోడ్డు కోసుకుపోయి ఆగిపోయిందని రేడియో ఆపరేటరు చెప్పాడు.

"ఎప్పటికొస్తుంది?"

"తెలియదట. మళ్ళీ అడగొద్దన్నారు."

హైస్కూలు ఎదురుగా ఒక బోరుబండి నిలబడిపోయి ఉంది. చింతామణి వాళ్ళది. దాని ఆపరేటరు రామక్రిష్ణప్ప నలభై ఏళ్ళ మనిషి. వానకు పనిలేక క్యాబిన్‌లో కూర్చుని రోజూ మా లారీలను చూస్తుండేవాడు. పోయి అడిగాను.

"గ్రీజుకేమప్పా, బకెట్టు నిండా ఉండాది. తీసుకో" అన్నాడు. "ఈ వానలో బోరు వేయించుకునేదెవురు?"

ఆయన గ్రీజు నీలం రంగు. మంచిదే. కాని మాది వేరే రకం. రెండు రకాల గ్రీజులు కలిస్తే ఒక్కోసారి రెండూ పలచబడి కారిపోతాయి. అందుకని పాతదంతా డీజిలుతో కడిగి, బేరింగు తుడిచి ఆరబెట్టి, కొత్తది చేత్తో లోపలిదాకా కూరాలి. పైపైన పూస్తే పనికిరాదని మా డ్రైవర్లకు నేనే పాఠం చెప్పేవాణ్ణి. ఒక్కో హబ్బుకు గంటకు పైనే పడుతుంది. సాబ్ దగ్గర అనుమతి తీసుకుని నాలుగోరోజు మధ్యాహ్నం మొదలుపెట్టాను. మొదటి బండి డ్రైవరు గఢ్వాల్ కొండల మనిషి, మాట తక్కువ. వాడు విప్పడం, నేను కడగడం. చీకటిపడేసరికి ఐదు హబ్బులు అయ్యాయి. మర్నాడు వెలుగు రాగానే మళ్ళీ కూర్చున్నాం. ఎనిమిదిన్నరకు ఏడు పూర్తయ్యాయి. మిగిలింది ఒక్కటే. మొదటి బండి, కుడి వెనక చక్రం.

అప్పుడు రేడియో పలికింది. వాగు అవతల తొమ్మిది కిలోమీటర్లలో ఉన్న పల్లెకు పైనున్న చెరువు పొర్లుతోంది. కట్ట నమ్మకం లేదు. ఇరవై ఏడు మంది ఉన్నారు. వెంటనే తేవాలి.

సాబ్ నా దగ్గరికి వచ్చాడు. "ఎంతసేపు?"

"గంట సాబ్."

"పదిహేను నిమిషాలు."

ఆయన జీపు వైపు వెళ్ళిపోయాడు. నేను చక్రాన్ని జాకీ మీద లేపి తిప్పాను. బాగానే తిరిగింది. చెవి పెట్టి విన్నాను. చప్పుడు లేదు. మూత తీశాను. కాఫీ రంగు. రెండు గుప్పెళ్ళ నీలం గ్రీజు తీసుకుని దాని మీదే కూరి మూత బిగించాను. అందరికీ వద్దని చెప్పే పనిని నేనే చేశాను. డ్రైవరు నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూడలేదు.

"బండ్లు ఫిట్?" జీపులోంచి సాబ్ అడిగాడు.

"ఫిట్ సాబ్."

అప్పుడు టైము ఎనిమిది యాభై.

పోయేటప్పుడు ఏమీ కాలేదు. బండి ఖాళీ. వంతెన మీద నీళ్ళు హబ్బుకు జానెడు పైన ఉన్నాయి. నేను మొదటి బండిలో డ్రైవరు పక్కన కూర్చుని కుడి వెనక చక్రం మోతనే వింటున్నాను. ఇంజను మోతలో అది వినపడదని తెలుసు. అయినా వింటూనే ఉన్నాను.

ఊళ్ళో జనం పాలసంఘం కట్టడం దగ్గర నిలబడి ఉన్నారు. ఊళ్ళోకెల్లా అదే ఎత్తు. తడిసిన మూటలు, ముసలివాళ్ళు, పసిబిడ్డను కొంగులో చుట్టుకున్న ఒకమ్మాయి. ఎవరూ కదల్లేదు. ఒక పెద్దాయన లారీ చుట్టూ తిరిగి చూసి నా ముందుకొచ్చాడు.

"నీళ్ళల్లో ఈ బండి నిలిచిపోతే మా గతేమప్పా?"

"నిలవదప్పా. చక్రాలన్నీ నేనే ఇప్పి బాగు చేసినా."

"నీది యాడ?"

"చింతామణి తాలూకానే."

ఆయన వెనక్కి తిరిగి చెయ్యూపాడు. "మనోడే చెప్తాండాడు, ఎక్కండి."

ఎక్కారు. ఒక్క మనిషి తప్ప. ఆమె పేరు రత్నమ్మ. యాభై దాటి ఉంటాయి. ఇంటి పక్కన కొట్టంలో ఒక ఆవు. దాని పాలు సంఘానికి పోసి బతికే మనిషి. ఆవు మెడ మీద చెయ్యి వేసి నిలబడింది.

"నేను రానప్పా. ఇది యాడ పోతాది?"

"మళ్ళీ ట్రిప్పులో తెస్తామమ్మా. పలకలు ఉండాయి, ఎక్కించుకుంటాము."

"అయితే పలుపు ఇప్పి వదిలేసి వస్తా."

"వద్దమ్మా, కట్టేసే ఉండనీ. వదిలితే యాడికో పోతాది. ఎతికేదానికి టైముండదు."

ఆమె ఆవు మెడ మీది చెయ్యి తీసింది. "నువ్వే వస్తావు గదా?"

"నేనే వస్తానమ్మా."

వచ్చి లారీ ఎక్కింది.

మొదటి బండిలో పద్నాలుగు మంది, రెండోదాంట్లో పదమూడు మంది. వంతెనకు కాస్త ముందు బండి ఆపించి దిగాను. ఏడు హబ్బుల మీద అరచెయ్యి పెట్టాను. గోరువెచ్చగా ఉన్నాయి. ఎనిమిదో దాని మీద పెట్టాను. మూడు లెక్కపెట్టేలోపు చెయ్యి తీసేశాను. కాలిన నూనె వాసన.

కాలుతున్న హబ్బు చన్నీళ్ళలో దిగితే లోపలి గాలి ముడుచుకుని, నీళ్ళను రబ్బరు సీలులోంచి లోపలికి లాక్కుంటుంది. నాకు తెలుసు. చల్లారేదాకా ఆగాలి. కనీసం ముప్పావుగంట. రెండో బండి డ్రైవరు దిగి వాగు వైపు చూపించాడు. వంతెన పక్క రాళ్ళలో ఇందాక కనిపించిన పైరాయి ఇప్పుడు కనిపించడం లేదు.

"ఏమైంది?" రేడియోలో సాబ్. ఆయన జీపు బాగేపల్లి వైపు ఒడ్డునే ఆగి ఉంది.

"ఏం లేదు సాబ్. వస్తున్నాం."

సాబ్‌తో అది రెండో అబద్ధం.

వంతెన పొడవు నూటయాభై మీటర్లు ఉంటుంది. సగం దాటాం. కుడివైపు వెనక నుంచి కీచుమని ఒక అరుపు. బండి ఒక పక్కకు ఈడ్చుకుపోయింది. డ్రైవరు స్టీరింగు తిప్పాడు. కుడి అంచుకు ఒక మూర దూరంలో బండి ఆగింది. యాక్సిలరేటరు తొక్కితే మిగతా మూడు చక్రాలు గుంజుతున్నాయి, నాలుగోది జారుతోంది. ప్రతిసారీ అంచు వైపు ఇంకొంచెం.

"తొక్కొద్దు" అన్నాను.

దిగాను. నీళ్ళు నడుము దాకా. తలుపు పట్టుకుని వెనక్కి నడిచాను. పైనుంచి పిల్లలు ఏడవడం మొదలుపెట్టారు. "ఎవురూ దిగొద్దండి! కదలకుండా కూసోండి!" అని అరిచాను.

వెనక బండి మమ్మల్ని దాటి ముందుకు పోలేదు, దారి చాలదు. నెట్టడమొక్కటే మార్గం. రెండు బండ్ల మధ్య ఒక చెక్క మొద్దు పెట్టాం. రెండో బండి అడుగు తర్వాత అడుగు నెట్టింది. ముందు నుంచి జీపు, తాడు చుట్టే వించితో పట్టి, బండి ముక్కు పక్కకు తిరగకుండా చూసింది. నేను చక్రం పక్కనే నడుస్తూ అంచు ఎంత దూరంలో ఉందో కాలితో తడిమి చెబుతున్నాను. "జానెడు ఉంది. ఇంకా జానెడు. ఎడమకు తిప్పు." డెబ్బై మీటర్లకు యాభై నిమిషాలు పట్టింది. ఒడ్డెక్కేసరికి పదకొండు నలభై. ఇరవై ఏడు మంది దిగారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

పెద్దాయన నా భుజం తట్టాడు. "బతికిచ్చినావప్పా" అన్నాడు.

రెండో బండిని వెనక్కి తిప్పమని అడిగాను. సాబ్ వాగు చూపించాడు. నీళ్ళు వంతెన పక్కనున్న గుర్తు రాళ్ళను కూడా ముంచేశాయి. "ఇంక లేదు" అన్నాడు. రత్నమ్మ నా పక్కనే నిలబడి ఉంది. ఆ హిందీ ఆమెకు అర్థం కాలేదు. నేను తెలుగులో చెప్పాల్సి వచ్చింది. ఆమె వాగు వైపే చూస్తూ నిలబడింది.

ఆ సాయంత్రం సాబ్ దగ్గరికి వెళ్ళి ఎనిమిదో హబ్బు సంగతి చెప్పాను. ఉన్నది ఉన్నట్టు.

"నువ్వు నిజం చెప్పినా నేను గంట ఆగేవాణ్ణి కాదు" అన్నాడు ఆయన. "కాని ఆ బండిని తీసుకుపోయేవాణ్ణీ కాదు. ఒక్క బండితో రెండుసార్లు తెచ్చేవాళ్ళం. ఆ లెక్క వెయ్యాల్సింది నేను. నువ్వు నాకు అవకాశం ఇవ్వలేదు."

కోప్పడి ఉంటే బాగుండేది.

హబ్బు విప్పాను. బేరింగు రోలర్లు నీలంగా కాలి, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. లోపల ఎక్కడా గ్రీజు లేదు. అడుగున కొంచెం బూడిదరంగు నీళ్ళు.

చెరువు కట్ట ఆ మధ్యాహ్నమే తెగిందని తర్వాత తెలిసింది. మూడోరోజుకు వాగు తగ్గింది. మాకు వాపసు ఆర్డరు వచ్చింది. బయలుదేరే రోజు పొద్దున, ఊరివాళ్ళను వాళ్ళ ఇళ్ళకు చేర్చే ఆఖరి ట్రిప్పులో నేనూ వెళ్ళాను. రత్నమ్మ ఇంటి గోడ మీద నీటి గుర్తు నా భుజాలకు పైన ఉంది. కొట్టం పైకప్పు లేదు. ఆవు గుంజ పక్కనే పడి ఉంది.

"ఆరోజు ఒక చక్రం సరిగ్గా చెయ్యలేదమ్మా" అన్నాను. "అందుకే రాలేకపోయినా. కట్టేయమని చెప్పింది గూడా నేనే."

ఆమె నా ముఖం చూసింది. "జనం బాగుండారు గదప్పా" అంది. ఓదార్చడానికి అన్నదో, ఇంకేమీ అనలేక అన్నదో నాకు తెలియలేదు.

రోడ్డు మీద హారన్ మోగింది. వెళ్ళాలి.

యూనిట్ చేరాక విచారణ జరిగింది. నా రికార్డులో ఒక హెచ్చరిక పడింది. అది న్యాయమే. ఇంకో ఆరేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు చింతామణిలో చిన్న షెడ్డు. ట్రాక్టర్లు, టమాటా మోసే బండ్లు వస్తాయి. "పైపైన కొంచెం గ్రీజు కొట్టి పంపన్నా, మార్కెట్టుకు టైమైతాండాది" అని ఎవరైనా అంటే విప్పకుండా పంపను. తిట్టుకుంటూ కూర్చుంటారు. కూర్చోనిస్తాను.

వంతెన మీద గడిపిన ఆ యాభై నిమిషాలు నాకిప్పుడు అంతగా గుర్తుకు రావు. గుర్తుకొచ్చేది ఆ పొద్దున హారన్ విని నేను వెనుదిరిగాక చూసింది. రత్నమ్మ గుంజ దగ్గర గొంతుకూర్చుంది. నీళ్ళకు నాని పలుపు ముడి రాయిలా బిగుసుకుంది. గోళ్ళతో లాగింది. పంటితో లాగింది. నేను నాలుగడుగులు వెనక్కి వచ్చి జేబులో కత్తి తీసి చాచాను. ఆమె తలెత్తకుండానే చేత్తో పక్కకు తోసింది.

"కొయ్యొద్దప్పా, పలుపు కొత్తది."

లారీ మలుపు తిరిగేదాకా చూశాను. ఆమె ఇంకా ఆ ముడి విప్పుతూనే ఉంది.