ఆరు గంటల వరస, మసకబారే తెర

శనివారం సాయంత్రం ఆరూ పావుకి హిల్కా ఇమ్మోనెన్ ఫోను తెర మసకబారింది. ఇలా జరగడం వరసగా ఇది మూడో శనివారం. తెర మీద ఒక పైన్ చెట్టు కొస, దాని మీద చేపల గద్ద గూడు, గూట్లో నోళ్ళు తెరిచిన పిల్లలు కనిపించాలి. పక్షుల సంఘం వాళ్ళు సరస్సు ఒడ్డున పెట్టిన కెమెరా అది. మగ గద్ద చేప తెచ్చే వేళ కూడా అదే. తీరా చూస్తే హిల్కాకు కనిపించింది తన ముఖమే, అదీ చెమట కారుతూ.

ఆమె అప్పుడు మా భవనం నేలమాళిగలోని సౌనాలో, అంటే అందరి ఆవిరి స్నానాల గదిలో, పై చెక్కమెట్టు మీద కూర్చుని ఉంది. గోడ అవతల బట్టలు మార్చుకునే గదిలో ఒక అట్ట వేలాడుతోంది. "సౌనాలోకి ఫోను తేరాదు. తెచ్చినవారి వరస రద్దయి, క్యూలో తర్వాతివారికి వెళ్తుంది." భవనం సంఘం అధ్యక్షురాలిగా ఆ నియమాన్ని సమావేశంలో ప్రతిపాదించింది హిల్కా. అచ్చు వేయించింది హిల్కా. ఆవిరికి తడవకుండా ప్లాస్టిక్ పూత వేయించి, మేకు కొట్టిందీ హిల్కాయే.

వార్కౌస్ ఊళ్ళో ఏ భవనంలోనైనా సౌనా ఇంటికి వారానికో గంట. అందులో శనివారం ఆరు గంటల వరసకు ఉన్న గౌరవం మేయరు పదవికి లేదు. మేయర్లు మారుతూ ఉంటారు. శనివారం ఆరు గంటల మనిషి ఇల్లు ఖాళీ చేస్తేనో, కన్ను మూస్తేనో తప్ప కదలడు. హిల్కా పదకొండేళ్ళు సోమవారాలు స్నానం చేసి, చివరికి ఆ వరస సంపాదించింది. ఆమె తర్వాత క్యూలో మొదటివాడు రెండో అంతస్తు ఆర్మాస్ కెకెలైనెన్. కాగితం మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన మనిషి, ప్రస్తుతానికి బుధవారం ఎనిమిది గంటల వరసతో సరిపెట్టుకుంటున్నాడు. మెట్ల మీద ఎదురైనప్పుడల్లా హిల్కా ఆరోగ్యం అడుగుతాడు. బాగానే ఉన్నానంటే ఆయన మొహం కొంచెం వాడుతుంది.

హిల్కా ఊరి బస్సు నడిపింది, ముప్ఫై ఏళ్ళకు కాస్త తక్కువ. బస్సులో ఆమె సీటు వెనక "డ్రైవరుతో మాట్లాడరాదు" అని రాసి ఉండేది. ప్రయాణికులు మాట్లాడేవాళ్ళు కాదు. ఆమె రైల్వే స్టేషన్ నుంచి ఆస్పత్రి దాకా ఊపిరి తీసుకోకుండా మాట్లాడేది. ఒకసారి డిపో మేనేజరునే టికెట్ లేదని మార్కెట్ దగ్గర మంచులో దింపేసింది. రిటైరయ్యాక మాత్రం ఆరు నెలలపాటు పాత ఉద్యోగి కార్డు చూపించి దర్జాగా ప్రయాణం చేసింది. నియమాలు ఉండి తీరాలని ఆమె నమ్మకం. ఎవరికి ఉండాలన్న దగ్గరే చిన్న తేడా.

గద్దల పిచ్చి ఈ మే నెలలో పట్టింది. మగ గద్ద ఎప్పుడూ ఆలస్యంగా వస్తుందని దానికి కండక్టర్ అని పేరు పెట్టింది. మొదటి శనివారం ఫోను బట్టల గదిలో బెంచీ మీదే ఉంది. తర్వాతి వారం గడప దాకా వచ్చింది. ఆ పై వారం, బెర్రీ పళ్ళు ఫ్రిజ్‌లో పెట్టుకునే ప్లాస్టిక్ సంచీలో దూరి, పై మెట్టు ఎక్కి హిల్కా పక్కన కూర్చుంది. తెర మసకబారడం అప్పుడే మొదలైంది. ఇంటికి తీసుకెళ్ళాక కాసేపటికి దానంతట అదే బాగైపోయేది. ఫోను దుకాణం వాళ్ళు చూడాలంటే రెండు వారాలు తమ దగ్గర వదిలి వెళ్ళాలన్నారు. ఈలోగా గద్దపిల్లలు ఎదిగిపోతాయి. ఊళ్ళో మిగిలిన దారి ఒక్కటే: మంగళవారం పూట గ్రంథాలయంలో పింఛనుదార్ల సంఘం నడిపే ఫోను సాయం బల్ల. ఆ బల్ల దగ్గర కూర్చునేది ఆర్మాస్.

ఆయన దగ్గరికొచ్చే రోగాల్లో సగం తెర మసకే. నల్ల కళ్ళద్దాలు తీయకుండా వచ్చి తెర చచ్చిపోయిందన్న పెద్దాయన ఉన్నాడు. రై రొట్టె పిండి చేతులతో ఫోను పట్టుకుని, వెలుతురు పసిగట్టే సెన్సర్ మీద పిండి మెత్తిన ఆవిడ ఉంది. ఆర్మాస్ ఎవరినీ కసరడు. ప్రశ్నలు మాత్రం వరసగా అడుగుతాడు, వైర్లలో ఎక్కడ తెగిందో వెతికినట్టు.

"రా తల్లీ, రా. ఆరోగ్యం ఎలా ఉంది?" అన్నాడు హిల్కాను చూసి.

"నీకు పనికొచ్చేంత పాడవలేదులే. ఇది చూడు. తెర మసకబారుతోంది."

ఆర్మాస్ ఫోను అందుకున్నాడు. "దానంతట అది వెలుతురు సర్దుకునే ఏర్పాటు ఉందే, ముందు అది ఆపుదాం. ఇదిగో, ఇప్పుడు నిండుగా ఉంది. మసకబారేది ఎప్పుడు?"

"అప్పుడప్పుడు."

"అప్పుడప్పుడంటే?"

"ఎప్పుడూ కాదని."

"పోనీ, ఏ రోజు?"

"వారంలోదే ఒక రోజు."

మా సావో ప్రాంతంలో సూటిగా జవాబు చెప్పడం ఒళ్ళో పెట్టుకున్న డబ్బు పారేసుకోవడంతో సమానం. ఆర్మాస్ కూడా ఇక్కడి వాడే కాబట్టి నొచ్చుకోలేదు. బ్యాటరీ పొదుపు చూశాడు, ఆపే ఉంది. రాత్రిపూట తెరను మరీ తగ్గించే మీట చూశాడు, అదీ ఆపే ఉంది. సెన్సర్‌ని చొక్కా అంచుతో తుడిచాడు. తెర మీద అతికించిన అద్దం సెన్సర్‌ని కప్పేస్తోందేమోనని కిటికీ వైపు ఎత్తి చూశాడు.

"ఎక్కడ కూర్చుని చూస్తావు?"

"బాల్కనీలో."

"ఎండలోనా? అలా చెప్పు మరి. ఒళ్ళు కాలితే ఫోను తన ప్రాణం తాను కాపాడుకుంటుంది. ముందు తెర తగ్గించేస్తుంది. నువ్వెంత పైకి జరిపినా పెరగదు. చల్లబడితే మామూలే."

"అదే అయ్యుంటుంది. ఇటివ్వు," అని హిల్కా చెయ్యి చాచింది.

ఆర్మాస్ ఇవ్వలేదు. "చివరిసారి ఎప్పుడైంది?"

"శనివారం," అనేసి హిల్కా నాలుక కరుచుకుంది.

"శనివారం పొద్దున్నించీ వాన కదా?"

"కురిసి ఉండొచ్చు. కురవకపోయీ ఉండొచ్చు."

"పైగా మీ బాల్కనీ ఉత్తరం వైపు."

"కొద్దిగా తూర్పుకి తిరిగి ఉంటుంది."

ఆర్మాస్ ఫోను వెనక కవరు ఊడదీశాడు. లోపలి నుంచి ఒక బర్చ్ చెట్టు ఆకు రాలి, ఆయన యాలకుల బన్ను పక్కన పడింది. సౌనాలో ఒళ్ళు కొట్టుకునే కొమ్మల కట్టలోది. ఆవిరికి ఉడికి, కవరు అడుగున బాగా అణిగిపోయి ఉంది.

"ఇది బాల్కనీలో మొలిచిందా?"

"గాలికి వచ్చి ఉంటుంది."

"కవరు లోపలికా?"

"గట్టి గాలి."

ఆర్మాస్ కాఫీ గుటక వేసి, కప్పు నెమ్మదిగా కింద పెట్టాడు. ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన శనివారం బల్ల మీద ఆకు రూపంలో పడి ఉంది. ఆ సంతోషం ఆయన్ని కాస్త వాగేలా చేసింది.

"నేనేం అడగనమ్మా అధ్యక్షురాలా. కాకపోతే తెలిసినవాడిగా చెప్తున్నా, పై మెట్టు మీద పెడితే ఏ ఫోనైనా అయిదు నిమిషాలే. కింది మెట్టు మీద, తలుపు వైపు మూలకి పెట్టి, పొయ్యి మీద కాలే రాళ్ళపై ఆవిరి కోసం నీళ్ళు పోయకుండా ఊరుకుంటే రేసు మొత్తం చూసుకోవచ్చు."

హిల్కా ఆయన బన్ను తుంచి నోట్లో పెట్టుకోబోయి ఆగింది.

"ఏ రేసు?"

"ఊరికే, మాటవరసకి."

"బుధవారం గుర్రప్పందేలు ఎన్నింటికి మొదలవుతాయి ఆర్మాస్?"

"నాకేం తెలుసు?"

"ఎనిమిదింటికి. నీ సౌనా ఎన్నింటికి?"

ఆర్మాస్ ఆకును కాగితం రుమాలు కిందికి తోశాడు. హిల్కా దాన్ని మళ్ళీ పైకి లాగి ఇద్దరి మధ్యా పెట్టింది. ఆయన నోరు విప్పితే ఆమె శనివారం పోతుంది. ఆమె విప్పితే ఆయన బుధవారం పోతుంది. అంతకంటే ముఖ్యం, దోషి కాబట్టి శనివారం ఆయనకూ దక్కదు.

"సెన్సర్ మీద దుమ్ము. దుమ్మే కారణం," అన్నాడు ఆర్మాస్ చివరికి.

"నేనూ అదే అనుకున్నా."

"నాకు బుధవారం వద్దండీ," అందొక గొంతు, బొమ్మల పుస్తకాల అర వెనక నుంచి. "పిల్లలు ఎనిమిదింటికే పడుకుంటారు. శనివారం ఆరైతే చాలు."

నాలుగో అంతస్తు వెన్లా. కవల పిల్లలు చెరో చంకా ఎక్కి ఉన్నారు. క్యూలో ఆర్మాస్ తర్వాతి పేరు ఆమెదే.

"నువ్వెప్పటి నించి వింటున్నావమ్మా?" అంది హిల్కా.

"బాల్కనీ ఉత్తరం వైపున్నప్పటి నించి."

"విన్నదంతా నిజమే కానక్కర్లేదు."

"నిజమే. అందుకే సమావేశంలో అందరి ముందూ అడిగి కనుక్కుందామని."

సమావేశం ఆ మరుసటి వారమే. మధ్యలో ఆ ముగ్గురూ హిల్కా వంటింట్లో ఒక సాయంత్రం కూర్చున్నారు. కలాకుక్కో రొట్టె ఒకటి మొత్తం అయిపోయింది, లోపలి చేపలతో సహా. వెన్లా గంటంతా అడిగింది. హిల్కా పది నిమిషాలిస్తానంది. అరగంట దగ్గర తెగింది.

సైకిళ్ళు పెట్టే గదిలో జరిగిన సమావేశంలో హిల్కా లేచి నిలబడి, బట్టల గదిలో అట్ట పాతబడిందనీ, దాని బదులు "ఫోను తెచ్చినవారే దాని క్షేమానికి బాధ్యులు" అని పెడదామనీ అంది. ఆర్మాస్ బలపరిచాడు. తీర్మానాలు రాసుకుంటున్న భవనం మేనేజరు కలం ఆపాడు.

"ఆ నియమం కావాలని పట్టుబట్టింది మీరే కదండీ?"

"అయ్యుండొచ్చు," అంది హిల్కా. "అప్పటి ఫోన్లు వేరు."

తర్వాత ఆమె, తన వరసలో మొదటి అరగంటను పిల్లలున్న కుటుంబానికి స్వచ్ఛందంగా వదులుకుంటున్నానని ప్రకటించింది. ఒకప్పుడు బస్సులో "టికెట్టేదీ?" అన్న గొంతే అది. ఎవరూ కారణం అడగలేదు. ఆర్మాస్ ఒక్కడే చప్పట్లు కొట్టాడు, ఆమె చూసేసరికి ఆపేశాడు.

తర్వాతి శనివారం ఆరున్నరకు హిల్కా కిందికి దిగింది. గచ్చు నిండా నీళ్ళు. పై మెట్టు మీద ఆమె చోటులో పసుపు రంగు రబ్బరు బాతు. పిల్లలు అరగంటసేపు తలుపు తీస్తూ మూస్తూ ఉన్నారు కాబోలు, ఎనభై చూపించాల్సిన ఉష్ణమాపకం యాభై ఎనిమిది డిగ్రీల దగ్గర ఉంది.

"ఇది సౌనా కాదు, రైల్వే వెయిటింగ్ హాలు," అంది బాతుతో.

బాతును తీసి కింద పెట్టి, ఫోనును కింది మెట్టు మీద తలుపు మూలకు ఆనించింది. తెర నిండు వెలుతురుతో వెలిగింది. మూడు పిల్లలూ కనిపించాయి. కండక్టర్ ఎప్పటిలాగే ఆలస్యంగా, పెద్ద చేపతో వచ్చాడు. తెర మసకబారలేదు. చేప తోక దాకా అయిపోయింది. అయినా మసకబారలేదు. హిల్కాకు మాత్రం మోకాళ్ళ మీద చెమట చుక్క కూడా పట్టలేదు.

ఆమె తెర వైపోసారి, పొయ్యి మీది రాళ్ళ వైపోసారి చూసింది. లేచి తలుపు గట్టిగా లాగింది. గరిటె నిండా నీళ్ళు తీసి రాళ్ళ మీద పోసింది, ఆపైన మరో గరిటె, మరొకటి.

ఎనభై ఒకటి దగ్గర తెర మసకబారింది.