తిరిగి రాని సీసాలు

వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న ఆవిడను అందరూ సీసాల పెద్దమ్మ అంటారు. బట్టలు కుట్టడం ఆవిడ బతుకుతెరువు, పసిబిడ్డల కామెర్లకు చేదాకు పసరు ఇవ్వడం పరువు. డబ్బు పుచ్చుకోదు. సీసా మాత్రం కడిగి తెచ్చివ్వాలి. సీసా వస్తే బిడ్డకు తగ్గినట్టే. నోటుబుక్కులో ఆ బిడ్డ తల్లి పేరు పక్కన టిక్కు పడుతుంది. ముప్పై ఏళ్లలో నాలుగు వందలకు పైగా టిక్కులు పడ్డాయి. తిరిగి తేనివాళ్లను సీసా దొంగలని తిట్టి ఊరుకునేది. పెద్దల అనుభవానికి చేతులు జోడించేవాళ్లు ఒక్కటి గమనించాలి: టిక్కు పడింది సీసాకు, బిడ్డకు కాదు.

ఓ రోజు ఎదురింటి కోడలు ఏడాది కిందట తీసుకెళ్లిన సీసా తెచ్చింది. నిండుగా ఉంది.

"ఇదేమిటే, పొయ్యలేదా?"

"భయమేసింది పెద్దమ్మా. అంత చిన్న నోట్లో ఇంత చేదా! పోశానని మా అత్తతో అబద్ధం చెప్పాను. నువ్వు బయటపెట్టకు."

"మరి పిల్లాడు?"

"పదోరోజుకే పచ్చదనం పోయింది. ఇప్పుడు ఇల్లు పీకి పందిరేస్తున్నాడు."

పెద్దమ్మ నోటుబుక్కు తెరిచి పెన్ను తీసింది. సీసా వచ్చింది, బిడ్డకు తగ్గింది, టిక్కు పెట్టాలి. కానీ మందే పడలేదే!

వారం తిరక్కుండానే సొంత కూతురి బిడ్డకు, పుట్టిన ఐదోరోజున, పచ్చదనం కళ్ల నుంచి పాదాల దాకా పాకింది. పాలకు కూడా లేవడం లేదు.

"ఊరందరికీ ఇస్తారు, మన పిల్ల దగ్గరకొచ్చేసరికి ఆలోచనేంటి అత్తయ్యా?" అన్నాడు అల్లుడు.

ఆవిడ చెయ్యి సీసా దాకా వెళ్లి ఆగింది. "ముందు బండి పిలువు. ఆస్పత్రికి పోదాం" అంది. ఎందుకన్నదో ఆవిడకే తెలియదు.

రక్తపరీక్షలో కామెర్ల అంకె ఎక్కువే వచ్చింది. బిడ్డ కళ్లకు గంతలు కట్టి నీలం దీపాల కింద పడుకోబెట్టారు. రెండు రోజులకు అంకె దిగింది, బిడ్డ కేరుమంది. పెద్దమ్మ నర్సును పట్టుకుంది.

"ఈ దీపం లేకపోతే తగ్గేది కాదా అమ్మా?"

"చాలామందికి దానంతటదే తగ్గుతుందండీ. కొందరికి ముదిరి మెదడు దెబ్బతింటుంది. ఎవరికి ఏదో కంటికి ఆనదు, రక్తమే చూడాలి."

"నా పసరుతో నాలుగొందల మందికి తగ్గిందే?"

"పొయ్యనివాళ్లకు ఎందరికి తగ్గిందో చూశారా?"

పెద్దమ్మకు ఎదురింటి పిల్లాడు గుర్తొచ్చాడు. పొయ్యని ఒక్కణ్ణి చూసింది. వాడు ఇల్లు పీకి పందిరేస్తున్నాడు.

"పోనీ, మందు తీసుకుని మళ్లీ రానివాళ్ల సంగతి?" అంది నర్సు.

"వాళ్లా, వాళ్లు సీసా దొం..." అని ఆగిపోయింది.

మర్నాడు మిషను మీద గుడ్డ కప్పి, నోటుబుక్కు చంకన పెట్టుకుని, చివరి పేజీ నుంచి వెనక్కి తిప్పితే టిక్కు లేని మొదటి పేరు వెతుక్కుంటూ బయల్దేరింది. రెండు వీధుల అవతల ఒకామె తలుపు తీసింది. పెద్దమ్మను గుర్తుపట్టడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది.

"సీసా కోసం వచ్చావా పెద్దమ్మా?"

పెద్దమ్మ ఆమె భుజం మీదుగా లోపలికి తొంగిచూసింది, ఇంట్లో పిల్లల అలికిడి ఏమైనా ఉందేమోనని.