నేను కాంట్యుమేషస్ అట

నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు, డెబ్బైల చివర్లో, ఒక ఇంగ్లీషు మాట వచ్చి నా మీద పడింది. కాంట్యుమేషస్. తెలుగుదేశానికి దూరంగా, ఒక ఉక్కు కార్ఖానా ఊళ్లోని సీతారాండేరా పేటలో తెలుగువాళ్లు నడిపే స్కూల్లో టీచర్ని, ఇంకా ప్రొబేషన్లో ఉన్నాను. కమిటీ మీటింగులో మగవాళ్లు కుర్చీల్లో కూర్చునేవారు. ఆడ టీచర్లం గుమ్మం దగ్గర నిలబడి, పిలిచినప్పుడు వచ్చి సంతకం పెట్టి పోవాలి. రెండు మీటింగులు నిలబడ్డాను. మూడోసారి ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఏటమ్మా, కూకున్నావేటి?" అన్నాడు సెక్రటరీ.

"కూర్చుని పెడితే సంతకం చెల్లదా, బాబూ?"

వారం తిరక్కుండా మెమో. నా నడవడి కాంట్యుమేషస్ కనుక, క్షమాపణ రాసివ్వకపోతే ఉద్యోగం ఖాయం చెయ్యరట.

రైల్వేలో ఫిట్టరైన మా నాన్న ఆ కాగితం తిప్పి తిప్పి చూశాడు. "ఏటే ఇది, బూతా?"

"బూతైతే ఇంత పొడుగుండదు నాన్నా."

"పోన్లే, ఓ మాఫీ రాసిచ్చీ. ఉద్యోగం పోతే మళ్లీ వత్తదేటి?"

నోరు దురుసని రాసి ఉంటే ఒప్పుకునేదాన్ని, అది నిజం. అర్థం తెలియని మాటకి మాఫీ ఏమిటి? లైబ్రరీకి వెళ్లి పెద్ద డిక్షనరీ తీశాను. పూర్వం ఇంగ్లండులో చర్చి కోర్టు రమ్మంటే రానివాణ్ణి, ఆజ్ఞ ఇస్తే ధిక్కరించినవాణ్ణి అలా అనేవారట. వెలి కూడా వేసేవారట.

జవాబు మీటింగులోనే చదివాను. "మూడుసార్లు పిలిచారు, మూడుసార్లూ వచ్చాను. కూర్చోవద్దని ఆజ్ఞ ఎప్పుడూ ఇవ్వలేదు. ఈ మాట నాకెలా వర్తిస్తుందో సెలవియ్యండి."

సెక్రటరీ కార్ఖానాలో హెడ్ క్లర్కు. కార్మికులకి ఛార్జిషీట్లు రాయడం ఆయన పని. "మా ఆఫీసులో అందరికీ అదే రాత్తామమ్మా," అన్నాడు విసుగ్గా.

"అందరికీ అంటే?"

"ఎంక్వైరీకి రమ్మంటే రానోళ్లకి."

కమిటీలో ఒక పెద్దాయన పకపకా నవ్వాడు. "ఈ పిల్ల రాకపోడమేటి బాబూ! వచ్చింది, కూకుంది కూడాను!"

మెమో వెనక్కి తీసుకున్నారు. ఉద్యోగం ఖాయమైన కాగితం మీద సంతకానికి పిలిచిన రోజు, గదిలో సరిగ్గా మగవాళ్లకు సరిపడా కుర్చీలే వేశారు. నేను వెనక్కి వెళ్లి, క్లాసులోంచి నా కుర్చీ మోసుకొచ్చుకున్నాను.