మొదటి జనరేటర్ కంటే ముందు

నేను చేసిన ఒకే ఒక్క ఆల్బంలో పాట లేదు, తాళం లేదు. మనిషి మాట కూడా లేదనే చాలా రోజులు అనుకున్నాను. ఉన్నవల్లా అమీర్‌పేట శబ్దాలు. సీడీ అడిగి తీసుకెళ్లిన ఆఫీసు మిత్రుడు మర్నాడే తెచ్చిచ్చి, "ఇది పాడైనట్టుందండీ, మోటారు రొద తప్ప ఏం రావట్లేదు" అన్నాడు. రావాల్సింది అదేనని చెబితే నన్ను అదోలా చూశాడు.

దీనికంతటికీ మూలం మా డేటాబేస్ కోర్సు. సాఫ్ట్‌వేర్ అనే మాట చెవిన పడితే చాలు, జనం పెట్టే బేడా సర్దుకుని అమీర్‌పేటలో దిగిపోతున్న రోజులవి. కిక్కిరిసిన హాల్లో సారు మైకు పట్టుకుని పాఠం చెప్పేవారు. ఆయన బల్ల మీద ఏడెనిమిది టేప్ రికార్డర్లు వరసగా ఉండేవి. పగలు ఉద్యోగాలు చేసుకునేవాళ్లు తాము రాలేక, రూమ్మేట్ల చేతికిచ్చి తమ రికార్డర్లను క్లాసుకి పంపేవారు. "అన్నీ నొక్కారా?" అని అడిగితే గానీ సారు మొదలుపెట్టేవారు కాదు. క్యాసెట్లు ఒకవైపు అయిపోయి ఒకదాని వెనుక ఒకటి టక్కుమని ఆగిపోతుంటే, మేం లేచి తిప్పేదాకా మంచినీళ్లు తాగుతూ ఓపిగ్గా నిలబడేవారు.

ఆ రికార్డర్లలో ఒకటి, మధురానగర్ హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయిది. కరీంనగర్ వైపు నుంచి వచ్చింది, నాకంటే రెండేళ్లు చిన్న. మాసబ్ ట్యాంక్‌లో ఒక కొరియర్ ఆఫీసులో పని. నేను క్లాసులో కూర్చుని నేర్చుకోనిది ఆమె బస్సులో నిలబడి, ఇయర్‌ఫోన్లలో క్యాసెట్ వింటూ నేర్చుకునేది.

నా బుర్ర మరోచోట ఉండేది. ఎండాకాలం పదకొండింటికి కరెంటు పోయేది. ఫ్యాన్లు, మైకు, కింద దుకాణాల్లో పాటలు ఒక్కసారిగా ఆగిపోయి వీధంతా నోరు మూసుకునేది. కాసేపటికి జిరాక్స్ షాపు జనరేటర్ మొదలయ్యేది, తర్వాత బేకరీది, ఆ తర్వాత మా ఇన్‌స్టిట్యూట్‌ది. రోజూ అదే వరస. జిరాక్స్ వాళ్లదే ఎందుకు ముందు? అది మొదలయ్యేలోపు ఏం వినబడుతుంది? ఉండబట్టలేక కిందికెళ్లి అడిగేశాను. "మిషన్ల కాయితం ఇరుక్కపోతది మేడం, గందుకే జల్ది ఏస్త" అన్నాడాయన. రెండో ప్రశ్నకి మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఒక రోజు పదకొండు కావస్తుండగా లేచి, బల్ల మీద నుంచి మా గది అమ్మాయి రికార్డర్ తీసి, కిటికీలో వీధివైపు తిప్పి పెట్టాను. కరెంటు పోయింది. రికార్డర్ బ్యాటరీలది, తిరుగుతూనే ఉంది. సారు మైకు లేకుండానే ముందు వరసల వాళ్లకు ఏదో చెబుతున్నారు. నా ప్రాణమంతా వీధిలో ఉంది. ఆ కాసేపూ నాకు కలిగిన సంతోషం ఆ కోర్సు మొత్తంలో ఇంకెప్పుడూ కలగలేదు.

వారం తిరక్కుండా ఆమెకు బంజారా హిల్స్‌లో ఇంటర్వ్యూ వచ్చింది. ముందురోజు, "అక్కా, గీ ముక్క మొత్తం గరగరే ఉన్నది. సారు ఏం చెప్పిండు?" అని అడిగింది.

"కరెంటు పోయిందిగా, మైకు పనిచేయలేదు" అన్నాను.

అబద్ధమూ కాదు, నిజమూ కాదు. మిగతా రికార్డర్లన్నీ బల్ల మీదే ఉన్నాయి, ఎవరిదైనా క్యాసెట్ అడిగి తెచ్చివ్వచ్చు. అడిగితే నా నిర్వాకం బయటపడుతుందని ఊరుకున్నాను. మర్నాడు ఆమె తిరిగొచ్చి, "ఒక్క ప్రశ్నే రాలే అక్కా" అంది. ఆ ఉద్యోగం రాలేదు. ఆ తర్వాత కొరియర్ ఆఫీసులోనే ఉండిపోయింది. నాకు ఉద్యోగం దొరికింది. సిగ్గేసింది గానీ చెప్పలేదు. ఆ క్యాసెట్ మాత్రం అడిగి నా దగ్గర ఉంచుకున్నాను.

నాలుగేళ్లకి పంజగుట్టలో నాకంటూ ఒక గది, ఒక కంప్యూటర్ అమిరాయి. క్యాసెట్‌ను అందులోకి ఎక్కించి, మొదటి జనరేటర్‌కి ముందున్న నిశ్శబ్దాన్ని బాగా పెంచి విన్నాను. పిచ్చుకలు, ఎవరో గిన్నె కింద పెట్టిన చప్పుడు, దూరంగా ఒక గొణుగుడు. పక్క మేడ మీది నీటి పంపేమో అనుకున్నాను. ఆ గొణుగుడు ఎంత నచ్చిందంటే, ఆ ముక్కనే పదే పదే తిప్పి ఆల్బం మొత్తం దాని చుట్టూ అల్లాను.

ఒక ఆదివారం ఆమె నా గదికి వస్తే, గొప్పగా హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించాను. నవ్వుతూ వింటున్నది కాస్తా నవ్వు ఆపేసింది.

"సారు" అంది.

"ఏ సారు?"

"మన సారే అక్కా. 'ఉద్యోగం రాని అమ్మాయి పేరు కూడా లిస్టులో రావాలి, పక్కన ఖాళీ ఉంటుంది' అంటుండు. రెండు లిస్టులు కలిపితే జత దొరకని పేర్లు పోకుండ ఎట్ల తీస్తవని... బంజారా హిల్స్‌ల నన్ను అడిగింది గిదే."

ఆమె కళ్లు మూసుకుని మళ్లీ వింది.

"జనరేటర్లు దగ్గర, సారు దూరం. రికార్డర్ కిటికీల పెట్టినవా అక్కా?"

"పెట్టాను" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. హెడ్‌ఫోన్లు తీయకుండానే, "జర గా జనరేటర్లు తగ్గించు. ఎట్ల తియ్యాల్నో ఇప్పుడు చెప్తుండు, విననియ్యి" అంది.

సాయంత్రం దాకా ప్రయత్నించాను. ఆమె పక్కనే కుర్చీ వేసుకుని, చేతిలో పెన్నుతో కూర్చుంది. జనరేటర్లను తగ్గించిన ప్రతిసారీ సారు గొంతు కూడా వాటితో పాటే పోయింది.