గోడకి అటు పన్నెండు బాతులు

తొమ్మిది బాతుపిల్లలు, వాటికోసం కొన్న తొట్టె, ఇనుప వల, సగం బస్తా తవుడు. పోయినవి ఇవీ. ఇంట్లో నా మాటకున్న విలువ కూడా పోయింది గానీ దానికి ధర కట్టడం నాకు చేతకాలేదు.

పక్కింటి అక్కది సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. గోడకి అటువైపు ఆమె బాతులు పన్నెండు. వాటికి సరైన గూడైనా లేదు, ఆమె ఏ లెక్కా వేయదు, అయినా పొద్దున్నే గడ్డిలో గుడ్లు ఏరుకుంటుంది. మా ఆవిడ ఆ గుడ్లే తెచ్చి కూర వండి, ఆమె చేతి మహిమ అంటూ మెచ్చుకునేది. ఆ కూర నాకు గొంతు దిగేది కాదు. మా పెరట్లో పెట్టిన గుడ్డే మా కంచంలో పడాలి, అదొక్కటే పట్టుదల. గోదావరి జిల్లా వరిచేలల్లో బాతుల మందలు చూస్తూ పెరిగినవాణ్ణి, ఆమెను అడగడమేమిటి?

అడగలేదు. తొమ్మిది పిల్లల్ని కొనుక్కొచ్చి, ఆమె వాటికి ఏం పెడుతోందో గోడ మీంచి చూశాను. చిన్న చేపలు తరిగి వేస్తోంది. హార్బర్ నుంచి రోజూ పచ్చిచేపలు తెచ్చిపెట్టేవాళ్లు నాకు లేరు. తగరపువలసలో ఎండుచేపల పొడి చవగ్గా దొరికితే తెచ్చి తవుడులో కలిపాను. పిల్లలు నీళ్లు తాగీ తాగీ, నిలబడలేక, రెండు రోజుల్లో అన్నీ చచ్చిపోయాయి.

అక్క వచ్చి ఆ పొడి నాలిక మీద వేసుకుని ఉమ్మేసింది.

"ఏటి తమ్ముడూ, ఇదంతా ఉప్పే కదేటి. పసిపిల్లలకి ఉప్పెడతారా? నన్నో మాటడిగితే నీ నోరరిగిపోద్దా?"

ఆ సాయంత్రమే తన దగ్గర కొత్తగా పొదిగిన ఆరు పిల్లల్నీ గంపలో తెచ్చిచ్చింది. డబ్బు వద్దంది. పాలుకి ఇచ్చానంది. అంటే, ఇవి పెరిగి గుడ్లు పెట్టాక మొదటిసారి పొదిగించిన పిల్లల్లో సగం ఆమెవి.

ఆరూ బతికాయి. మొదటి గుడ్ల కూర తిని మా ఆవిడ, "అక్క బాతులే కదండీ, రుచెక్కడికి పోతుంది?" అంది.

తర్వాత కోడి కింద పెట్టిన గుడ్లు పది పిల్లలయ్యాయి. ఆమె పాలు ఐదు. ఇచ్చేస్తే అటు పదిహేడు, ఇటు పదకొండు. రెండే ఇస్తే ఇద్దరికీ పద్నాలుగేసి. రెండే ఇచ్చి, మిగతావి కాస్త పెరిగాక ఇస్తానన్నాను.

"నీ ఇట్టం తమ్ముడూ, ఎక్కడికి పోతాయవి?" అంది.

అవి పెరిగాయి, గుడ్లూ పెడుతున్నాయి. ఆమె ఇప్పటికీ అడగలేదు. ఒక్కసారి అడిగి ఉంటే ఇచ్చేసేవాణ్ణేమో. నేనింకా ఇవ్వాల్సినవి మూడు.